చెప్పులేసుకునేంత సేపు

రాయదుర్గంలో రాత్రి పదకొండుకు
జీన్సు మిషన్లు ఒక్కొక్కటే నోరు మూసుకుంటాయి.
వేళ్ళ సందుల్లో నీలం మాత్రం పోదు.
ఆ నీలం వేళ్ళతోనే
పాత ల్యాప్‌టాప్ మూత తెరుస్తాను.

నాకు పద్నాలుగు గ్రహాలున్నాయి.
ఆట పెట్టిన పేర్లు నోరు తిరగక
నేనే మార్చుకున్నాను:
గుమ్మఘట్ట, కణేకల్లు, బొమ్మనహాళ్, హీరేహాళ్.
అన్నిటికన్నా అంచున,
సూర్యుడు అనపగింజంత కనబడే దానికి
పుట్టచేను అని పెట్టాను.
అది మా తిప్పేస్వామి చిన్నాయన చేను పేరు.

దోపిడీ ఓడలు వస్తాయి.
వాటిలో మనిషి లేడు.
తాగినోడు లేడు, పగ పట్టినోడు లేడు,
అప్పు తీర్చాల్సినోడు లేడు.
లెక్క ఒక్కటే వస్తుంది, కాల్చి పోతుంది.
"లెక్కయితే నేర్చుకోవచ్చు గదప్పా"
అన్నాడు గౌస్‌పీర,
కటింగ్ మాస్టరు, సుద్దగీత తప్పనివాడు.

జేబులెన్ని కుట్టానో రాసుకునే పుస్తకంలో
వెనకనుంచి మొదలుపెట్టాను.
ఏ పూట, ఏ గ్రహం, ఎన్ని ఓడలు,
అప్పుడు గిడ్డంగిలో ఎంత సరుకు.
ముందు నుంచి నా కూలి, వెనక నుంచి వాళ్ళ దాడి,
మధ్య పేజీకేసి నడుచుకుంటూ వస్తున్నాయి.

సరుకున్న చోటికి వస్తారనుకున్నాను.
కణేకల్లు నిండా ఇనుము. ఎనిమిది ఫిరంగులు పెట్టాను.
వాళ్ళు హీరేహాళ్‌కు పోయారు.
కాపలా లేని చోటికి కాబోలని
హీరేహాళ్‌కు కాపలా పెట్టాను.
కాపలా ఉన్న గుమ్మఘట్టను కాల్చిపోయారు.
సరుకును కాపలాతో భాగించాను.
ముప్పై ఒకటికి పంతొమ్మిది సరిపోయాయి.
పరీక్షయితే పాసే.

నలభై మూడోసారి
ఏమీ లేని ఒక చందమామ మీదికి వచ్చారు.
అక్కడ నేను కట్టింది ఒక్క దీపస్తంభం.
రాయీ, దుమ్మూ, ఆ దీపం.
ఏముందని వచ్చినార్రా ఇక్కడికి,
తెరనే అడిగాను.
అంతలో కరెంటు పోయింది.

చీకట్లో చిన్నాయన ఫోను.
శెనక్కాయ కాయ పట్టిందంట,
గుట్ట మీంచి పందులు దిగుతున్నాయంట.
"యా పక్కనుంచి వస్తాయో ఎట్ల కనుక్కుంటావు చిన్నాయనా?"
"కాయ యాడ బాగుందో చూసి రావురా అవి.
కుక్క అరిస్తే నేను లేసి, చెప్పులేసుకోని,
ఆడికి పోయేకి ఎంతసేపో
దాన్ని చూసుకోని వస్తాయి."

కరెంటొచ్చింది.
ఫోను పెట్టెయ్యడం ఇద్దరం మరిచాం.
పుస్తకంలో ఇంకో గడి గీశాను:
సాయం చేరే దూరం.
నలభై మూడింటికి నలభై సరిపోయాయి.
మిగతా మూడింటి సంగతి ఇప్పటికీ తెలీదు.
నా ఓడలు చెప్పులేసుకునే ఆలస్యాన్ని
వాళ్ళు గ్రహం గ్రహానికీ కొలిచి పెట్టుకున్నారు.

ఇప్పుడు నాకూ ముందే తెలుస్తుంది.
ఇంకో ఆరు నిమిషాలు. పుట్టచేను మీదికే.

"వదిలెయ్, ఎర అనుకో" అన్నాడు గౌస్‌పీర,
ముక్కల కుప్ప మీద పడుకొని.
"వాళ్ళు దాన్ని నమిలేలోపు వెనకనుంచి చుట్టెయ్."
నిజమే. గుడ్డలోనూ అంతే,
మూలలు పోతేనే ప్యాంటు తేలుతుంది.
బొమ్మనహాళ్‌ను అట్లా రెండుసార్లు ఎర వేశాను,
కన్ను కూడా ఆర్పలేదు.

కానీ దీని మీద పుట్టచేను అని రాసుంది.
పేరు మార్చేస్తే సరిపోయేది.
మార్చే మీట మీద వేలు పెట్టి కాసేపు కూచున్నాను.

కణేకల్లు నుంచి మూడు ఓడలు పంపాను.
లెక్క ప్రకారం తప్పు.
ఓడలు కదిలిన మరుక్షణం
దాడి గీత తెర మీద వణికింది, ఆగింది,
నిదానంగా కణేకల్లు వైపు తిరిగింది.

గౌస్‌పీర లేచి కూచున్నాడు.
ఏమీ అనలేదు.

పెట్టెయ్యని ఫోనులో
చిన్నాయన డబ్బా వాయిస్తున్న చప్పుడు.
తూర్పు గట్టు మీద ఒకసారి,
గసపోసుకుంటూ పరుగెత్తి
పడమటి గట్టు మీద ఒకసారి,
ఒక్క మనిషే
రెండు చోట్ల ఉన్నట్టు.